గిద్దలూరు పిన్ని మీద కుళ్లు

మొదట నాకు కుళ్లు పుట్టింది ఒక విదేశీ టీవీ సీరియల్‌లో ఇద్దరు ఆడవాళ్ల మీద. ఏదో చలిదేశంలో, చెక్కమెట్లున్న ఇంట్లో, ఒక పిల్లవాణ్ణి పెంచుకుంటూ ఇద్దరూ కాపురం చేస్తుంటారు. పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని పోట్లాడుకుంటారు. పిల్లవాణ్ణి బడి దగ్గర ఎవరు దింపాలి, పాలు ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట వదిలేసింది ఎవరు, ఇవీ వాళ్ల గొడవలు. చూసేవాళ్లకు నవ్వొచ్చేట్టు తీశారు. నాకు నవ్వు రాలేదు, కడుపు మండింది. పెద్ద విషయాలన్నీ ముందే ఎవరో తేల్చి పెట్టి ఉంటే తప్ప, పాల మీద అంతసేపు కొట్లాడుకునే తీరిక మనుషులకు ఉండదు.

నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. నాతో ఉండే ఆమె నర్సు. మావాళ్లు కంభం దగ్గర భూమి ఉన్న రైతులు. ఆమెవాళ్లు కొనకనమిట్ల పక్క పల్లెలో కూలికి పోయే క్రైస్తవులు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ మేమిద్దరం బతకడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఒకరికొకరం ఏమవుతామో మాకు తెలుసు. ఊరికి ఎంత తెలుసో మేము అడగలేదు, ఊరూ మమ్మల్ని అడగలేదు. మేడ మీది వాటా మాది. కింద ఇంటి యజమానురాలు ఉంటుంది, ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు.

మాతోపాటు నా సహచరి తమ్ముడి కూతురు ఉండేది. తమ్ముడూ అతని భార్యా బిల్డింగు పనులకు హైదరాబాదు పోతూ, అప్పుడే బళ్లో చేరిన ఆ పిల్లను మా దగ్గర వదిలారు. నాన్నకు అక్క కాబట్టి ఆమెను అత్తా అని పిలిచేది. నన్నేమని పిలవాలో తేలలేదు. వరస పెట్టకుండా మనిషిని పిలవడం మా వైపు వాళ్లకు చేతకాదు. కూరగాయల బండి ఆయన మామ, బస్సులో పక్క సీటు ఆమె అక్క, చెప్పులు కుట్టే ముసలాయన తాత. ఒకరోజు అన్నం తింటూ పిల్ల తనే లెక్క తేల్చింది.

"అత్తతో ఉండేటోళ్లను మామ అంటారు గదా. అయితే నువ్వు మామవి."

ఆమె నవ్వీ నవ్వీ పొలమారి నీళ్లు తాగింది. నేను ముఖం గంభీరంగా పెట్టుకున్నాను గానీ, అంత తిన్నని తర్కం నా చదువులో నేనెక్కడా చూడలేదు. మర్నాడు ఆ పిల్ల మెట్ల మీద నిలబడి, "మామా, తాళంచెవి ఏదీ" అని కేకేసింది. కింది పెద్దమ్మ బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. ఆ సాయంత్రమే దాన్ని పెద్దత్తగా మార్చాం. వరస కుదిరిందని అందరికీ నిమ్మళమైంది, నాకు తప్ప. కూరగాయల ఆయన కూడా మామ అయ్యే ఊళ్లో పెద్దత్త అనిపించుకుంటే ఏమొచ్చినట్టు?

ఆ విదేశీ సీరియల్ నేను సరదాకు చూడలేదు. పిల్ల పదో తరగతిలో ఉండగా ఒక సెమినార్‌కు పేపరు రాస్తానని ఒప్పుకున్నాను. టీవీ నాటకాల్లో ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో కలిసి పెట్టుకున్న కుటుంబాలను ఎట్లా చూపిస్తున్నారు, సమాజశాస్త్ర సిద్ధాంతాలు పెట్టి చూస్తే ఏం తేలుతుంది అన్నది విషయం. అందులో నా ఇంటి ఊసు రాకూడదని నాకు నేనే హద్దు గీసుకున్నాను. రాసేది మాత్రం ఆ ఇంట్లోనే కూర్చుని.

క్లాసులో మేము మొదట చెప్పే సిద్ధాంతం ప్రకారం కుటుంబం అంటే అది చేసే పనులు. పిల్లల్ని సాకడం, మంచీ చెడూ నేర్పడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం. దాన్ని తయారుచేసినవాళ్ల మనసులో ఉన్నది మొగుడూ పెళ్లామే. అయినా వాళ్ల కొలతతోనే కొలిస్తే టీవీలో ఇద్దరూ పాసవుతారు. మేమూ పాసే. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు జ్వరం వచ్చిన పిల్లకు తడిగుడ్డ వేసింది నేను. ఎక్కాలు అప్పజెప్పించుకున్నది నేను. బడిలో ఎవడో జడ లాగాడంటే వాడి ఇంటికి పోయి వాళ్ల అమ్మతో గొడవ పెట్టుకున్నదీ నేనే.

రెండోది, ఇంట్లో పెత్తనం ఎవరిది, చాకిరీ ఎవరిది అని నిలదీసే సిద్ధాంతం. దాని గురించి రాసింది గట్టిగా చదివి వినిపిస్తుంటే ఆమె వంటింట్లోంచి అంది.

"అది రాసినోళ్లు గిన్నెలు కడిగినట్టు యాడన్నా ఉందా? ఉంటే ఆ పేజీ గూడా చదువు."

లేచి వెళ్లి గిన్నెలు కడిగాను. పిల్ల తలుపు చాటున నిలబడి ఇకిలించింది.

నన్ను పట్టుకుని వదలనిది మూడో సిద్ధాంతం. కుటుంబంగా బతికితే చాలదు, కుటుంబమని నలుగురికీ కనిపించాలి, చూసినవాళ్లు అవునని ఒప్పుకోవాలి అంటుంది అది. సీరియల్‌లో ఒకచోట ఆ ఇద్దరూ పిల్లవాడి బడికి పోతారు. టీచరు ఇద్దరికీ కుర్చీలు చూపించి, ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెడుతుంది. మీవాడు లెక్కలు చేయడం లేదు, ఇంట్లో మీరేం పట్టించుకుంటున్నారు అంటుంది. దాన్ని నేను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. నన్ను ఎవరూ అట్లా తిట్టలేదు. మా పిల్ల బడిలో మీటింగుకు పోతే హెడ్మాస్టరు లేచి నిలబడి, రండి మేడం అని కుర్చీ వేయించి టీ తెప్పించేవాడు. పిల్ల లెక్కల సంగతి ఆమెతో మాట్లాడేవాడు, ఆమె మేనత్త కాబట్టి. నాతో కాలేజీ అడ్మిషన్ల గురించి మాట్లాడేవాడు. అంత మర్యాదగానూ నన్ను ఆ పిల్లకు ఏమీ కానిదాన్ని చేసి పక్కన కూర్చోబెట్టేవాడు. టీ తాగుతూ ఆమె మీద కుళ్లుకునేదాన్ని. మేనత్త కావడానికి ఆమె చేసిందేముంది? తమ్ముడికి పెళ్లయింది, కూతురు పుట్టింది, అంతే.

ఇంటికొచ్చాక ఆ మాట ఆమెతోనే అనేశాను.

"నా మీద గూడా ఏడుస్తున్నావా," అంది చీర మడతపెడుతూ. "ఇంగ మిగిలిందెవురు, కింది పెద్దమ్మా?"

ఆ పెద్దమ్మ కూడా మిగల్లేదు. మేము లాప్‌టాప్‌లో ఇంగ్లీషులో చూసే సీరియల్‌నే ఆమె టీవీలో తెలుగు డబ్బింగులో చూడడం మొదలుపెట్టింది. తెలుగు చేసినవాళ్లు దేనికి భయపడ్డారో ఏమో, ముద్దులన్నీ కోసేసి, ఆ ఇద్దర్నీ వదినా మరదళ్లను చేసేశారు. మొగుళ్లు దూరంగా ఎక్కడో ఓడల మీద ఉద్యోగాలు చేస్తున్నారట. పిల్లవాడు వదిన కొడుకట. ఒకరోజు పెద్దమ్మ మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"చూసినావా మేడం, ఆ వదినా మరదళ్లు ఎంత కలిసిమెలిసి ఉంటారో. కసురుకుంటారు, మళ్లీ ఒకటైతారు. మా ఆడబిడ్డ ఉంది, నా పెండ్లయిన కాణ్నుంచి నా చేతికూర బాగుందని ఒక్కనాడు అనలేదు."

ఇద్దరు ఆడవాళ్లు మనసుపడి కాపురం చేస్తున్నారంటే జనం నమ్మరని డబ్బింగువాళ్లు అనుకున్నారు. మా ఊళ్లో వదినా మరదళ్లు అంత సఖ్యంగా ఉన్నారంటే నమ్మడం దానికంటే కష్టం. ఆ కష్టమైనదాన్ని పెద్దమ్మ మారు మాట లేకుండా నమ్మింది, పైగా వాళ్ల కోసం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమో నిజమో, వాళ్లకొక వరస దొరికింది. ఊరూ కులమూ లేని మనుషులు కాబట్టి ఎట్లా మార్చినా చెల్లింది. మమ్మల్ని వదినా మరదళ్లను చేద్దామన్నా అతకదు. నా ఇంటిపేరు వింటే నా కులం తెలుస్తుంది, ఆమె మెడలో సిలువ, ఆమె పల్లె పేరు చాలు ఆమెది తెలియడానికి. మా మీద ఎవరైనా అబద్ధం అల్లాలన్నా దారి లేదు. నెత్తి మీద కాపురముండే మమ్మల్ని చూసి ఏనాడూ కన్ను చెమర్చని పెద్దమ్మ, టీవీలో వాళ్ల కోసం ముక్కు చీదుతోంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా పిల్ల రెండూ చూసేది, పైన ఇంగ్లీషుది, కింద తెలుగుది. కింద కూర్చున్నప్పుడు పైన సంగతి ఎత్తేది కాదు. రెండిట్లో ఏది బాగుంది అని ఒకసారి గుచ్చి గుచ్చి అడిగాను. కింద సౌండు బాగుంది అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ పిల్ల పదో తరగతి పాసైన ఎండాకాలం గిద్దలూరు పిన్ని రంగంలోకి దిగింది. పిల్ల తల్లికి సొంత చెల్లెలు. ఆమె భర్తకు బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల దుకాణం ఉంది. పిల్లలు లేరు. పిల్లను తన ఇంట్లో పెట్టుకుని ఇంటర్ చదివిస్తానని వాళ్ల అక్కకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆ సంగతి మాట్లాడడానికే పిల్ల అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వచ్చారు. నేను కోడికూర వండాను. తమ్ముడు రెండోసారి కూర వేయించుకుంటూ వాళ్ల అక్కతో అన్నాడు.

"ఇంగ ఇంటర్ గదక్కా. ఆడపిల్ల. గిద్దలూరులో కాలేజీ వాళ్లింటికి దగ్గర. మొగుడూ పెండ్లాం ఉండే ఇల్లు."

చెడ్డవాడు కాదు. నన్ను నొప్పించాలని అన్న మాటా కాదు. అందుకే ఎక్కువ తగిలింది. గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె కంచంలోంచి తలెత్తకుండా, "పిల్లనే అడుగు," అంది. పిల్లను అడిగారు. అది మెతుకులు కెలుకుతూ కెలుకుతూ, "గిద్దలూరు పోతా నాయనా," అంది.

మర్నాడు మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు ఎందుకని నేను అడిగాను. అడిగాను అనడం మర్యాదకు, నిలదీశాను. మేమేం తక్కువ చేశాం, పిన్ని ఏం పెట్టింది నీకు, పండక్కి గౌను తప్ప అన్నాను. పిల్ల నా లంగా పిండి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, నిదానంగా చెప్పింది.

"ఈడ నేను ఎవురింట్లో ఉంటానో చెప్పాలంటే శానాసేపు పడ్తది పెద్దత్తా. అత్తోళ్ల ఇల్లు అంటే, మీ మామ ఏం చేస్తాడంటారు. మామ లేడంటే, చచ్చిపోయినాడా అంటారు. ఇంగో పెద్దత్త ఉందంటే, ఆమె మీకు ఏమైతదంటారు. ఆడైతే పిన్నోళ్ల ఇల్లు అంటే అయిపోతది."

ఎన్నో పేజీలు రాసి కొట్టేసి మళ్లీ రాసిన నా మూడో సిద్ధాంతాన్ని ఆ పిల్ల తడిబట్టలు పిండుతూ చెప్పేసింది. బకెట్టు తీసుకుని కిందికి దిగాను.

ఆ కోపం ఆమె మీద చూపించాను. "మేనత్తవి, నువ్వు ఆపి ఉండొచ్చు," అన్నాను.

"ఏమని ఆపాల?" అంది ఆమె. "నువ్వొక్కదానివే పెంచినావా దాన్ని? నాకు లేదా కడుపులో?" యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా తీసుకోకుండానే డ్యూటీకి వెళ్లిపోయింది. ఆమె ఏడవడం నేను చూడలేదు గానీ, మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి ఆసుపత్రికి పోతే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పిల్ల వెళ్లాక నా కుళ్లంతా గిద్దలూరుకు మళ్లింది. టీవీలో ఇద్దరు ఆడవాళ్లూ నా కంటికి ఆనడం మానేశారు. పిన్నికి వాట్సాప్‌లో స్టేటస్‌లు పెట్టే పిచ్చి. కనకాంబరాలు పెట్టుకుని మా పిల్ల, కింద మా బంగారం అని రాత. కొత్త బ్యాగుతో కాలేజీ గేటు దగ్గర మా పిల్ల, వెనక పాట. స్కూటీ మీద మా పిల్ల, పడిపోకుండా సీటు పట్టుకుని పరుగెత్తుతున్న చిన్నాన్న. స్కూటీ నేర్పిస్తానని మొదట మాటిచ్చింది నేను. ఫొటోల అంచున ఎప్పుడూ పిన్ని గాజుల చెయ్యి కనపడేది. ఆ చెయ్యిని పెద్దది చేసి చూసుకునేదాన్ని. ఒక్క స్టేటస్ కూడా వదిలేదాన్ని కాదు. నేను చూసినట్టు ఆమెకు తెలుస్తుందని తెలిసీ చూసేదాన్ని.

"వద్దనుకుంటే చూడబాక," అనేది నా సహచరి. కాసేపటికి తనే నా భుజం మీద గడ్డం ఆనించి, "ఏదీ, ఈ రోజు ఏం పెట్టింది," అని అడిగేది.

పేపరు చివరి భాగం దగ్గర ఆగిపోయింది. సీరియల్‌లో కుటుంబం చూసేవాళ్ల ఒప్పుకోలుతో నిలబడుతుంది అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. అన్నేళ్లు పెరిగిన మా మేడ ఆ పిల్లకు తన ఇల్లా, లేక బడికి దగ్గరగా ఉందని ఉన్న ఒక తావా? అది సిద్ధాంతాలు చెప్పవు. పిల్లను అడగడానికి నాకు ధైర్యం లేదు. ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నా అనేది, తిన్నావా అంటే తిన్నా అనేది.

క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం గోంగూర పచ్చడి డబ్బాలో సర్దుకుని, మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కాను. ఆమెకు డ్యూటీ, రాలేకపోయింది. కంభం స్టేషన్‌లో మా బంధువు ఒకాయన ఎక్కి, ఎక్కడికమ్మా అని అడిగాడు. గిద్దలూరుకు, మా పిల్లను చూడడానికి అన్నాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పిన్ని ఇల్లు చూస్తే నా కుళ్లు ఇంకా పెరిగింది. నున్నటి టైల్సు, హాల్లో పెద్ద టీవీ, గోడకు వాళ్ల పెళ్లి ఫొటో. కిటికీ పక్కన పిల్లకు చదువుకునే టేబుల్ వేశారు, దాని మీద దీపం కూడా. నా కళ్లు తప్పు కోసం వెతికాయి, దొరకలేదు. పిల్ల లేదు, చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు పోయిందట. సోఫాలో ఫోన్ చూసుకుంటున్న పిన్ని భర్త, రండి కూర్చోండి అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయాడు. పిన్ని నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి స్టూలు వేసింది. స్టేటస్‌ల్లో గాజుల చెయ్యే తప్ప ముఖం సరిగా చూడలేదు నేను. బక్కపలచటి మనిషి, నాకంటే బాగా చిన్నది.

"మంచిగా వచ్చినారు వదినా. మిమ్మల్ని ఒకటి అడగాలనుంటి," అంది. "మీ ఇంట్లో పులుసు ఎట్ల చేస్తారు?"

"ఎందుకు?"

"ఏం చేసినా, మా ఇంట్లో ఇట్ల చెయ్యరు అంటది పిల్ల. మా అక్కోళ్ల ఇల్లు గాబోలు అనుకోని, అక్కకు ఫోన్ చేసి అడిగి అట్లనే కాంచినా. తిని, ఇది గాదు, మా ఇంట్లో బెల్లం వెయ్యరు అనింది. అప్పుడు తెలిసింది నాకు, మా ఇల్లు అంటే మీ ఇల్లని."

పచ్చడి డబ్బా ఇంకా నా ఒళ్లోనే ఉంది. దాని మూత గట్టిగా పట్టుకున్నాను.

పిన్ని గొంతు తగ్గించింది. "టీవీ పెడితే ఆ పిల్ల ఒక్కతే కూర్చోని చూస్తది. ఈయప్ప ఫోన్లో ఉంటాడు, నేను ఈడ ఉంటా. అదేమో, మా ఇంట్లో ముగ్గురం ఒక్కచోట కూర్చుంటాం, అత్తా పెద్దత్తా సీరియల్ ఆపి ఆపి కొట్లాడుకుంటారు, ఈడేంది పిన్నీ ఎవురూ మాట్లాడుకోరు అంటది. నేనేం చెప్పాల? ఈయప్ప నాతో నోరు తెరిచి మాట్లాడి ఎన్నాళ్లైందో. మొగుడూ పెండ్లాం ఉండే ఇల్లని చెప్పి తెచ్చుకుంటిమి."

కుక్కర్ కూత వేసింది. ఆమె స్టవ్ తగ్గించి, నా వైపు చూడకుండా కొత్తిమీర తుంచుతూ కూర్చుంది.

"స్టేటస్‌లు దేనికి పెడ్తాననుకున్నారు? మీరు చూస్తారనే. మీరు చూసినట్టు కనపడితే ఆ రోజుకు కొంచెం నిమ్మళంగా ఉంటది. చెప్పకూడదు గానీ చెప్తున్నా వదినా, మీ ఇద్దరి మీద నాకు శానా కుళ్లు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓదార్చాల్సిన తావు అది. పిల్లకు ఇక్కడా బాగానే ఉందిలే అని ఒక మాట అనొచ్చు. పులుసు ఎట్లా కాస్తామో చెప్పొచ్చు. నాకు జాలి కలగలేదు. మా ఇంటిని చూసి ఓర్వలేని మనిషి ఒకరు ఈ లోకంలో ఉన్నారన్న సంతోషంతో నా ఒళ్లంతా వేడెక్కింది. స్టూలు ఆమె దగ్గరికి జరుపుకుని, సిగ్గు విడిచి అడిగాను.

"ఇంకా ఏమేం అంటది?"